యంత్రానికి మేలుకొలుపు

కార్యసాధనలో పరికరబలం కంటె క్రమజ్ఞానం ముఖ్యమైనది. నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన నిలిచి ఉన్న ఉదయగిరి దుర్గం ఇందుకు చారిత్రక సాక్ష్యం. గజపతుల అధీనంలో ఉన్న ఆ గిరిదుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు క్రీ.శ. 1513లో ముట్టడించి 1514లో వశపరచుకొన్నాడు. ఏడాదిన్నర కాలం సాగిన ఆ ముట్టడిని గూర్చి వ్రాస్తూ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాయలు పెద్ద పెద్ద బండలను పగులగొట్టించి, బురుజుల దరికి సైన్యం చేరేందుకు బాటలు వేయించాడని పేర్కొన్నాడు. రాయలకు సైన్యం కొదువ లేదు. ఆయుధాలకూ కొదువ లేదు. కొరవడినది దారి. ఆ దారి ఏర్పడేవరకు అంతటి బలమూ కొండ దిగువనే నిలిచిపోయింది.

అదే కొండ నీడన నేటి విద్యార్థికి ఎదురయ్యే కోటలు వేరు. వ్రేలెడు పొడవైనా లేని పెన్‌డ్రైవ్‌తో, పని మానిన కంప్యూటరులో క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును నెలకొల్పడం అటువంటి కోటలలో ఒకటి. చూచేవారికి అది అరగంట పని. తెర నల్లబడి, అర్థం కాని ఆంగ్లవాక్యం ఒకటి వెలిగి ఆగిపోయినప్పుడు గాని దాని కాఠిన్యం తెలియదు.

కంప్యూటరు మేల్కొనే తీరు తెలిసినవారికి ఆ వాక్యం భయం కలిగించదు. మీట నొక్కగానే ఆపరేటింగ్ సిస్టము లేవదు. ముందుగా మదర్‌బోర్డుపై ఒక చిప్పులో భద్రపరచిన చిన్న ప్రోగ్రాము లేస్తుంది. పాత యంత్రాలలో దాని పేరు బయాస్. క్రొత్త వాటిలో యూఈఎఫ్ఐ. అది జ్ఞాపకశక్తిని, కీబోర్డును, డిస్కులను పరీక్షించి, తనకు నిర్దేశించిన వరుసలో ఒక్కొక్క సాధనాన్నీ వెదకుతుంది. ఆపరేటింగ్ సిస్టమును లేపగల తొలి పలుకులు ఎక్కడ దొరికితే అక్కడ ఆగి, అధికారాన్ని దానికి అప్పగిస్తుంది. దీనినే బూటింగ్ అంటారు. తన బూటు పట్టీని తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకోవడమనే ఆంగ్ల నానుడి నుండి ఈ మాట పుట్టింది. తెలుగువారి భావనలో ఇది మేలుకొలుపు. ద్వారపాలకుడు లేచి, దీపం వెలిగించి, పిమ్మట ప్రభువును లేపినట్టి క్రమం. ఈ క్రమంలో ఏ మెట్టు తప్పినా మేలుకొలుపు ఆగిపోతుంది. ఏ మెట్టు దగ్గర ఆగినదో కనిపెట్టడమే దోషనిర్ణయం.

ఉదయగిరిలో చెక్కగరిటెలు, చెంచాలు మలచే హస్తకళ తరతరాలుగా ప్రసిద్ధమైనది. అట్టి ఒక కళాకారుని కుమార్తె ఆత్మకూరులో డిగ్రీ చదువుతుండేది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు ఒకనాడు తెరుచుకోవడం మానివేసింది. అందులో తండ్రి పదేళ్లుగా చెక్కిన పిడుల నమూనాల చిత్రాలు, దూరప్రాంతాల కొనుగోలుదారుల లెక్కలు ఉన్నాయి. వేరొక ప్రతి ఎక్కడా లేదు. క్రొత్త యంత్రం కొనే స్తోమత ఆ యింటికి లేదు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమును పెన్‌డ్రైవ్ ద్వారా నెలకొల్పాలని ఆమె నిశ్చయించుకొన్నది. ఇంట్లో వేరే కంప్యూటరు లేనందున పెన్‌డ్రైవ్‌ను కళాశాల ప్రయోగశాలలోనే సిద్ధం చేసుకోవాలి. అందుచేత ప్రతి పొరపాటుకూ ఒక బస్సు ప్రయాణం మూల్యమైనది.

మొదటిసారి ఆమె లినక్స్ ఫైలును దించుకొని, మామూలు చిత్రాన్ని నకలు చేసినట్లే పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేసింది. ఇంటికి వచ్చి అమర్చగా, బూట్ చేయదగిన సాధనమేదీ లేదని తెరపై కనిపించింది. అనేకులు తొట్రుపడే తావు ఇదే. ఐఎస్ఓ అనే ఆ ఫైలు మూట కట్టిన ధాన్యం వంటిది. మూటను పొలంలో ఉంచినంత మాత్రాన పైరు మొలవదు, విప్పి విత్తాలి. ఆ ఫైలులోని భాగాలను పెన్‌డ్రైవ్‌పై యథాస్థానాలలో పరచి, మేలుకొలుపు పలుకులను మొదట నిలిపే పనికి రూఫస్ వంటి ప్రత్యేక సాధనాలు ఉన్నాయి. ఆ సాధనం పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్న సమస్తాన్నీ తుడిచివేస్తుందని కూడ గుర్తుంచుకోవాలి.

రెండవసారి ఆమె ఆ సాధనంతోనే వ్రాసింది. కంప్యూటరు తెరుచుకొనే క్షణంలో ఎఫ్12 మీటను నొక్కి, వచ్చిన పట్టికలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకొన్నది. ఈ మీట అన్ని యంత్రాలకూ ఒకటి కాదు. కొన్నింటికి ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్, మరికొన్నింటికి వేరొకటి. పట్టిక వచ్చినది గాని, ఎంచుకొన్న వెంటనే తెర నల్లబడి, ఒక చిన్న గీత మాత్రం మిణుకుమిణుకుమన్నది.

మరునాడు ఆమె ఆత్మకూరు వెళ్లి, ఫైలును, పెన్‌డ్రైవ్‌ను, సాధనంలోని అమరికలను అన్నింటినీ ఒకేసారి మార్చబోయింది. ప్రయోగశాల సహాయకుడు వారించాడు.

“ఒక్కసారే అన్నీ మార్చబాక తల్లీ. రేపు పనిచేస్తే దేనివల్ల చేసిందో ఎట్లా తెలుస్తుంది? చెయ్యకపోతే మాత్రం ఎట్లా తెలుస్తుంది?”

“మరి ఏం చెయ్యాలన్నా?”

“ఒకటే మార్చు. మార్చింది రాసుకో. తెర మీద ఏం కనబడిందో అది కూడ అక్షరం పొల్లుపోకుండా రాసుకో.”

ఆ మాటలలో ఒక శాస్త్రపద్ధతి ఇమిడి ఉన్నది. ప్రయోగంలో ఒక అంశాన్ని మాత్రమే మార్చి, తక్కినవాటిని స్థిరంగా ఉంచినప్పుడే ఫలితానికి కారణం తేటపడుతుంది. వైద్యుడు నాలుగు మందులను ఒకే దినాన మార్చితే జ్వరం ఏ మందుకు తగ్గినదో చెప్పలేడు. ఆమె నోటు పుస్తకం తెరచి రెండు ప్రయత్నాలనూ తేదీలతో వ్రాసుకొన్నది. వ్రాయగానే ఒక సంగతి స్ఫురించింది. మొదటి ప్రయత్నం సాధనాన్ని గుర్తించే మెట్టు దగ్గర ఆగింది; రెండవది ఆ మెట్టు దాటి, తరువాతి మెట్టు దగ్గర ఆగింది. ఓటమి అనుకొన్నది నిజానికి ఒక అడుగు ముందుకు వేయడమే.

కారణం త్వరలోనే తెలిసింది. డిస్కుపై భాగాల పట్టికను వ్రాసే పద్ధతులు రెండు. 1983లో డాస్‌తో వచ్చిన ఎంబీఆర్ పాతది. అది సాధారణంగా రెండు టెరాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా గుర్తించలేదు. జీపీటీ క్రొత్తది, యూఈఎఫ్ఐ యంత్రాలకు అనువైనది. ఆమె యింటి కంప్యూటరు కేవలం బయాస్ తెలిసిన పాతకాలపు యంత్రం. పెన్‌డ్రైవ్ మాత్రం జీపీటీ పద్ధతిలో, యూఈఎఫ్ఐ కొరకు వ్రాయబడి ఉన్నది. తలుపు తట్టినవాని భాష ఒకటి, ద్వారపాలకుని భాష మరొకటి. ఆమె ఆ ఒక్క అమరికను మాత్రమే ఎంబీఆర్‌కు మార్చింది.

వ్రాయించే ముందు సహాయకుడు దించుకొన్న ఫైలును సరిచూడమన్నాడు. ఫైలును విడుదల చేసినవారు దానితోపాటు షా-256 అనే పద్ధతిలో లెక్కించిన అరవై నాలుగు సంకేతాల ముద్రను కూడ ప్రకటిస్తారు. దించుకొన్న ఫైలుకు అదే లెక్క కట్టి చూస్తే రెండు ముద్రలూ అచ్చుగుద్దినట్లు ఒకటిగా ఉండాలి. దింపే వేళ ఒక్క అక్షరం చెడినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఆమె ఫైలు ముద్ర సరిపోయింది. అనుమానాలలో ఒకటి తొలగింది. తప్పు ఎక్కడ లేదో రూఢి చేసుకోవడం కూడ తప్పును వెదకడంలో భాగమే.

ఆ సాయంకాలం ఇంట్లో తెర వెలిగింది. కొంతసేపటికి ఒక ప్రశ్న కనిపించింది: డిస్కును పూర్తిగా తుడిచి నెలకొల్పవలెనా? ప్రక్కనే అవునని చెప్పే బొత్తాము. మూడు ప్రయాణాల అలసట ఆ బొత్తామును నొక్కమంటున్నది. వెనుక నిలబడిన తండ్రి అడిగాడు.

“నా గరిటెల నమూనాలు దాంట్లోనే ఉండాయి గదా పాపా, పోవు గదా?”

ఆమె చేయి వెనుకకు తీసుకొన్నది. అసలైన పరీక్ష ఆ క్షణంలోనే ఉన్నది. అంతవరకు జరిగిన పొరపాట్లన్నీ సరిదిద్దుకోదగినవి. వాటి వెల బస్సు చార్జీ మాత్రమే. ఆ బొత్తాము వెల పదేళ్ల శ్రమ. లినక్స్‌లో పలు రకాలకు డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుండే పనిచేసే సౌకర్యం ఉన్నది. ఆమె నెలకొల్పడం ఆపి, ఆ మార్గాన కంప్యూటరును తెరచింది. డిస్కు చెడలేదు; చెడినది దానిపై ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టము మాత్రమే. చిత్రాలను, లెక్కలను వేరొక పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేసి, ఒక్కొక్కటి తెరచి తండ్రికి చూపింది. అన్నీ ఉన్నాయని ఆయన అన్న తరువాతనే ఆమె ఆ బొత్తాము నొక్కింది.

ఇటువంటి యంత్రాలు నేడు పల్లెలలో, పట్టణాలలో అనేకం ఉన్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 వంటి భద్రతా సౌకర్యాలను కోరుతుంది గనుక, చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు పెక్కింటికి అది అధికారికంగా అందదు. వాటిని తుక్కుకు వేయడమా, వేరొక ఆపరేటింగ్ సిస్టముతో మేలుకొలపడమా అన్నది పేద కుటుంబాలకు చిన్న ప్రశ్న కాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ నేడు అటువంటివారికి ఒక ఆసరా. తెలుగులో కంప్యూటరును వాడుకొనేందుకు ‘స్వేచ్ఛ’ వంటి స్వచ్ఛంద ప్రయత్నాలు జరిగాయి. సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకొన్నది. అయినప్పటికీ యంత్రం మేల్కొనక ముందు కనిపించే హెచ్చరికలు ఇంకా ఎక్కువగా ఆంగ్లంలోనే ఉన్నాయి. వాటిని చూచి బెదరక, ఓపికతో చదివి, అర్థం చేసుకొనే అలవాటు విద్యార్థులకు ఎంతో అవసరం.

తెరపై కనిపించే దోషవాక్యం తిట్టు కాదు; పని ఏ మెట్టు దగ్గర ఆగినదో తెలిపే ఆనవాలు. దానిని వ్రాసుకొన్నవాడు ముందుకు సాగుతాడు. విసుగుతో మీటలన్నీ నొక్కినవాడు ఉన్న ఆనవాలును కూడ పోగొట్టుకొంటాడు. దోషాన్ని వెదకేవేళ తొందరపాటును, తిరిగి రానిదానిని తుడిచేవేళ నిర్లక్ష్యాన్ని విడిచిపెట్టాలి. ఈ రెండు జాగ్రత్తలూ కంప్యూటరు ముందు అలవడినా, వాటి ఉపయోగం కంప్యూటరుతో ముగియదు.