మూసీ నగరంలో వానాకాలపు ప్రయాణం

వేసవిలో పురానాపూల్ మీద నిలబడి చూసినవారికి ఇంత సన్నని ధారకు అంత పెద్ద వంతెన ఎందుకన్న సందేహం కలుగుతుంది. అయితే 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన ఆ రాతి కమానులు మూసీ అసలు వెడల్పు ఎంతో నేటికీ చూపుతూనే ఉన్నాయి. ఈ నగరంలో వానాకాలాన కారు నడిపేవారు ముందుగా గమనించవలసింది ఆ వెడల్పునే.

పురానాపూల్ నుండి నది వెంబడి తూర్పుకు సాగితే అఫ్జల్‌గంజ్ వస్తుంది. అక్కడి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పురాతన చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో నగరానికి ఎగువన రెండు జలాశయాలు వెలిశాయి. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసా నదిపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నేటికీ ఎగువన భారీ వర్షాలు కురిసి వాటి గేట్లు ఎత్తారంటే, దిగువన చాదర్‌ఘాట్ వద్దా, మూసారాంబాగ్ వద్దా తక్కువ ఎత్తులో ఉన్న దారులు నీట మునుగుతాయి. నగరంలో చినుకు పడకపోయినా నదిలో నీరు పెరగవచ్చునన్న సంగతి కొత్తవారికి తెలియదు.

నది ఒడ్డునే కాదు, చెరువుల కింద వెలిసిన కాలనీలలోనూ ఇదే పరిస్థితి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పాతబస్తీ దక్షిణ భాగాన వీధులు వాగులయ్యాయి. ఇళ్ల ముందు నిలిపిన కార్లు నీటిలో తేలుతూ కొట్టుకుపోవడం నగరమంతా చూసింది.

ఇటువంటి చోట కారును వానలకు సిద్ధం చేయడమంటే ఇంటిల్లిపాది భద్రతకు ఏర్పాటు చేయడమే. మృగశిర కార్తెకు ముందే ఆ పని పూర్తి కావాలి. మొదట టైర్లను చూడాలి. వాటి గాడులు కిందనున్న నీటిని పక్కలకు నెట్టివేస్తాయి. గాడి అరిగిపోతే టైరు రోడ్డును వదిలి నీటి పొరపై జారుతుంది. అప్పుడు బ్రేకు గానీ, స్టీరింగు గానీ మాట వినవు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును చట్టం కూడా అంగీకరించదు. గాడుల అడుగున కనిపించే చిన్న దిమ్మెలతో సమానంగా పైభాగం అరిగిందంటే దాని పని అయిపోయినట్లే. స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో కూడా చూడాలి.

తరువాత వైపర్లు. మన ఎండలకు వాటి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. నీటిని తుడవడానికి బదులు అద్దంపై చారలు మిగులుస్తుంది. వేపచెట్టు నీడన కారు నిలిపేవారు ముందు అద్దం కింద చేరిన ఆకులను తీసివేయాలి. లేకుంటే నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. బ్రేకులను మెకానిక్‌కు చూపించాలి. బ్యాటరీ తీగల కొసలు శుభ్రం చేయించి, ముందు వెనుక లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో పరీక్షించాలి. బీమా పత్రాన్ని ఒకసారి శ్రద్ధగా చదవాలి. ఇంజనులోకి నీరు చేరడం వల్ల కలిగే నష్టానికి చాలా పాలసీలలో విడిగా రక్షణ తీసుకోవలసి ఉంటుంది.

దారిలో వాన పట్టుకుంటే వేగం తగ్గించి, ముందు బండికి మామూలుకు రెట్టింపు దూరం ఉంచాలి. లైట్లను కిందికి దించి వేయాలి. లోపల అద్దంపై ఆవిరి కమ్మితే ఏసీ గాలిని అద్దం వైపు మళ్లిస్తే త్వరగా తొలగుతుంది. నీటిలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయరాదు; లోపలికి చేరిన నీటిని పిస్టన్లు నొక్కలేక ఇంజనే విరిగిపోతుంది. నీరు పెరుగుతూ ఉంటే సామాను సంగతి మరచి, పిల్లలను, పెద్దలను వెంటనే దించి మెరక ప్రదేశానికి చేర్చాలి.

అయితే ఈ ఏర్పాట్లన్నీ కలిసినా ప్రవహించే నీటి ముందు చాలవు. సుమారు ఒక అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్న కారును కదిలించగలదు. రెండడుగులైతే చాలా కార్లను మోసుకుపోతుంది. పైగా ఆ బురదనీటి కింద రోడ్డు మిగిలి ఉన్నదో, కోసుకుపోయినదో, మ్యాన్‌హోలు తెరిచి ఉన్నదో పైనుండి చూసే కంటికి తెలియదు. ముందు వెళ్లిన బండి దాటింది గదా అన్నది ధైర్యం కాదు. ఆ బండి బరువు వేరు, అది దాటిన క్షణం వేరు.

నికాహ్ విందుకు ఆలస్యమవుతున్నదని వెనుక సీటులో ఎవరైనా తొందరపెట్టవచ్చు. అయినా నీరు పారుతున్న దారి ఎదురైనప్పుడు కారును వెనుకకు తిప్పి, చుట్టుదారి అయినా మెరక మీది వంతెననే ఎంచుకోవాలి. ఈ మాట బయలుదేరక ముందే ఇంట్లో అందరూ అనుకొని ఉంటే, ఆ క్షణంలో నడిపేవారిపై ఒత్తిడి ఉండదు. విందుకు గంట ఆలస్యంగా చేరినవారిని ఏ ఆత్మీయుడూ తప్పు పట్టడు. క్షేమంగా వచ్చారని సంతోషిస్తాడు.