అబ్బా తుడిచిన తమంచా

అబ్బా జియారత్ అయిన మర్నాడే నేనూ భాయీజానూ తమంచా పట్టుకుని ఆయుధాల దుకాణానికి పోయాం. లైసెన్స్ అబ్బా పేరు మీదిది. మనకు లైసెన్స్ వచ్చేదాకా అది ఠాణాలోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో అమానత్‌గా ఉండాల్సిందే.

ఖాందాన్‌లో దాని కిస్సా ఒకటుంది. పర్‌దాదా హైదరాబాద్ లాన్సర్స్‌లో సిపాహీ. 1918లో హైఫాలో ఖైదైన జర్మన్ అఫ్సర్ నడుముకున్నది ఇదేనట. లక్షలొస్తాయని భాయీజాన్ ఉమ్మీద్.

డీలర్ చాచా ముందు కుడిపక్క చిన్న తలుపు తీసి, ఆరు గదులూ ఖాళీయేనని చూశాడు. ఎడమపక్క కిరీటం, కింద ఎర్ఫుర్ట్, 1894. "సర్కారీ కార్ఖానాది బేటా. 1883 నమూనా. 1879 దానికి గొట్టం ఇంకా పొడుగు. తూటా 10.6 మిల్లీమీటర్లది, తొమ్మిది కాదు. 1908లో లూగర్ వచ్చినా, మొదటి జంగ్‌లో ఇవీ నడిచాయి."

అంటే కిస్సా సచ్ కావచ్చు!

"ఏ పల్టన్‌దో పిడి వెనక ఇనుము మీద కొట్టి ఉంటుంది" అంటూ తిప్పాడు. అద్దంలా నున్నగా ఉంది. ప్రతి ఈద్‌కీ అబ్బా గరుకు కాయితంతో రుద్ది, నూనె పెట్టి మెరిపించేవాడు. మేం పక్కన కూర్చుని చూసేవాళ్లం.

"కీమత్ అంతా ఆ ముద్రల్లోనే, అసలు రంగులోనే ఉండేది" అన్నాడు చాచా మెల్లగా.

భాయీజాన్ ఏమీ మాట్లాడలేదు. రసీదు తెచ్చి అమ్మీకిచ్చాం. ఎంతొస్తుందని ఆమె అడగలేదు.

"వాళ్లు నూనె పెడతారా?" అంది.