లీగు సంసారం

ఫుట్‌బాల్ పోటీలు రెండు రకాలు. ఒకటి కప్పు, రెండోది లీగు. ఈ రెంటికీ తేడా ఏమిటని మా ఇంట్లో మగవాళ్ళని అడిగితే అరగంట ఉపన్యాసం ఇస్తారు గానీ, ఆడవాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమైపోతుంది. కప్పు పెళ్ళి లాంటిది. లీగు సంసారం లాంటిది.

పెళ్ళిలో ఆ పూట గట్టెక్కితే చాలు. ఆ పూటే వంటవాడు ఎగ్గొట్టాడో, పరువు గంగలో కలిసినట్టే. కప్పులోనూ అంతే. ఒక్క ఆట ఓడితే పెట్టే బేడా సర్దుకోవలసిందే. సంసారం అలాక్కాదు. ఒకరోజు పప్పు మాడినంత మాత్రాన కొంపలేం మునగవు. మర్నాడు మళ్ళీ పొయ్యి వెలిగించాలి. నెలాఖరుకి పద్దు తేలాలి, అంతే. లీగులో ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితోనూ రెండేసి సార్లు ఆడుతుంది. ఒకసారి మన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. గెలిస్తే 3 పాయింట్లు, సమానంగా ముగిస్తే 1, ఓడితే సున్న. ఆఖర్న ఎవరి పద్దు పెద్దదైతే వాళ్ళదే గెలుపు. ఫైనల్ అంటూ వేరే ఏమీ ఉండదు. పోపుల డబ్బాలో పడేసిన చిల్లర ఏడాది చివర లెక్కపెట్టుకుంటాం చూడండి, అదీ లీగంటే.

ఈ చిల్లర లెక్క ఎంత ముచ్చటైనదో నాకు తెలిసింది 2016-17 ఐ-లీగు సీజనులో. పక్కన 2014 నుంచి ఐఎస్ఎల్ అనే డబ్బూ దర్పం గల పోటీ నడుస్తున్నా, అప్పటికి మన దేశంలో అధికారికంగా పై మెట్టు లీగు ఐ-లీగే. అందులో ఆ ఏడు పది జట్లు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ – ఈ రెండూ కలకత్తా జమీందార్లనుకోండి. బెంగుళూరు జట్టు పుట్టింది 2013లోనే అయినా, మూడు సీజన్లలో రెండుసార్లు లీగు గెలిచేసిన కొత్త షావుకారు. ఈ సంబరంలో ఓ మూల ఐజ్వాల్ జట్టు.

ఐజ్వాల్ మిజోరాం రాజధాని. కొండ మీద కొండ, దాని మీద ఇల్లు. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం కలిపి 11 లక్షల మంది లేరు. బజారులో కొట్లు నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఊరి బయట రోడ్డు పక్కన కొన్ని కొట్లకి మనిషే ఉండడట. కూరగాయలు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా పెట్టి పొలానికి వెళ్ళిపోతారు. తీసుకున్నవాళ్ళు లెక్కగా డబ్బు వేసి పోతారు. లెక్క మీద అంత నమ్మకం ఉన్న ప్రాంతం. అక్కడ చదునైన నేల దొరకడమే గగనం, అయినా పిల్లలకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 2014లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ మిజోరామే గెలిచింది.

ఐజ్వాల్ క్లబ్బుకి ఐ-లీగులో మొదటి సీజను 2015-16. తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానం వచ్చింది. ఆఖరి జట్టు కింది మెట్టుకి దిగిపోవాలి కదా? అక్కడే ఉంది మెలిక. తొమ్మిదో జట్టు కంపెనీల కోటాలో డబ్బు కట్టి లీగులోకి వచ్చింది. అలా వచ్చినవాళ్ళని మొదట్లో కిందికి దింపకూడదని ముందే రాసుకున్నారు. దాంతో ఎనిమిదోవాడి మీద పడింది వేటు. కొత్తల్లుడు ఏం చేసినా తప్పు పట్టకూడదు, మాట పడడానికి మేనల్లుడున్నాడుగా – అలాగన్నమాట.

తరవాత గోవా క్లబ్బులు కొన్ని తమకేవో అభ్యంతరాలుండి లీగులోంచి తప్పుకున్నాయి. విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయి, సరే నువ్వూ వచ్చి కూర్చో అన్నట్టు ఐజ్వాల్‌ని వెనక్కి పిలిచారు. అదీ 2016-17లో ఆ జట్టు ప్రవేశం. పిలవని పేరంటం కాదు గానీ, పిలిచిన తీరు మాత్రం అంతంత మాత్రమే.

దానికి శిక్షకుడిగా వచ్చినాయన ఖాలిద్ జమీల్. ముంబయి ఎఫ్‌సి అనే జట్టుని ఏడేళ్ళు చూసుకున్నాడు. పెద్ద బహుమతులేమీ తేలేదు, కానీ ఏ ఏడూ కింది మెట్టుకి జారనివ్వలేదు. 2016లో ఇక చాల్లెమ్మన్నారు. ఏడేళ్ళు ఇల్లు గుట్టుగా నెట్టుకొచ్చిన మనిషికి దక్కే మర్యాద ఎప్పుడూ అంతే కదండీ! ఆయన తనతోపాటు ముంబయి నుంచి జయేశ్ రాణే, ఆశుతోష్ మెహతా లాంటివాళ్ళని తెచ్చుకున్నాడు. సిరియా నుంచి అల్ అమ్నా, లైబీరియా నుంచి జర్యాన్, ఐవరీకోస్ట్ నుంచి కామో వచ్చారు. మిగతావాళ్ళు చాలామంది ఆ కొండల పిల్లలే.

నేను ఆటలు చూసింది తక్కువ, పట్టిక చూసింది ఎక్కువ. మావాడు పాయింట్ల పట్టిక గీసి ఫ్రిజ్ తలుపు మీద, పాలవాడి లెక్క కాయితం పక్కనే అంటించాడు. వారం వారం పెన్సిలుతో దిద్దేవాడు. పాల లెక్క చూడబోతే ఐజ్వాల్ లెక్క కంటపడేది. జనవరిలో ఈ కుర్రాళ్ళెవరో పాపం అనుకున్నాం. ఫిబ్రవరి వెళ్ళింది, మార్చి వెళ్ళింది, పెన్సిలు గీత కిందికి రాదే! కూరలు తరుగుతూ, "ఈ వారం ఎవరితోరా?" అని నేనే అడగడం మొదలెట్టాను. వాడు ఆశ్చర్యంగా చూసి జవాబు చెప్పేవాడు.

ఏప్రిల్ 22న మోహన్ బగాన్ ఐజ్వాల్‌కే వచ్చింది. అప్పటికి పోటీ ఈ రెంటి మధ్యకే వచ్చేసింది. ఆట చివరికొచ్చినా ఎవరికీ గోలు లేదు. 83వ నిమిషంలో జోమింగ్లియానా రాల్తే అనే ఊరి కుర్రాడు తలతో కొట్టిన బంతి వలలో పడింది. 1-0. ఇంట గెలిచారు. ఇక రచ్చ గెలవాలి.

ఆ రచ్చ ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో. ఓడకపోతే చాలు, కిరీటం వాళ్ళదే. ఆ రోజు ఆదివారం. మిజోరాంలో ఆదివారమంటే కొట్లు కట్టేసి చర్చికి వెళ్ళే రోజు. అభిమానులు కొండదారులు పట్టుకుని షిల్లాంగ్ దాకా వెళ్ళారు. ఆట మొదలైన కాసేపటికే షిల్లాంగ్ జట్టు గోలు కొట్టేసింది. మావాడు గోళ్ళు కొరకడం మొదలెట్టాడు. అక్కడ కలకత్తాలో మోహన్ బగాన్ తన ఆఖరి ఆట గెలిస్తే, ఇక్కడ వీళ్ళు ఓడితే, పద్దులు చెరిసమానమై అంతా చేజారే ప్రమాదం. రెండో సగంలో విలియం లాల్నున్‌ఫెలా గోలు కొట్టాడు. 1-1. ఆ తరవాత ఇద్దరూ ఇంకేం కొట్టలేదు. బగాన్ అక్కడ గెలవనే గెలిచింది. అయినా ఐజ్వాల్‌కి 37, బగాన్‌కి 36. ఈశాన్య రాష్ట్రాల నుంచి దేశపు లీగు గెలిచిన మొట్టమొదటి జట్టు అదే.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. బగాన్ మొత్తం 18 ఆటల్లో ఓడింది రెండే. ఐజ్వాల్ మూడు ఓడింది. ఎక్కువసార్లు ఓడినవాడికి కిరీటమా అని మా వారు నొసలు చిట్లించారు. ఐజ్వాల్ 11 గెలిచి 4 సమానంగా ముగించింది. బగాన్ 10 గెలిచి 6 సమానంగా ముగించింది. లెక్క కట్టి చూసుకోండి. ఎన్నిసార్లు పడ్డావని లీగు అడగదు, ఎంత కూడబెట్టావని అడుగుతుంది. ఆ లెక్క నాకు భలే నచ్చింది. మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి పెట్టిన కాఫీలు ఎవరికీ గుర్తుండవు, చక్కెర మరిచిపోయిన కాఫీ మాత్రం పదేళ్ళయినా గుర్తుంటుంది.

ఇంకో చిత్రం. ఆ పట్టికలో అట్టడుగున ఉన్నది ముంబయి ఎఫ్‌సి. ఖాలిద్ జమీల్‌ని వద్దనుకున్న జట్టే. ఈయన ఉన్నన్నాళ్ళూ జారని జట్టు, ఈయన పోయిన మొదటి ఏడే జారింది. ఇంట్లో ఉన్నప్పుడు కనబడని పని, మనిషి నాలుగు రోజులు పుట్టింటికి వెళితే కనబడుతుందన్నమాట.

కథ ఇక్కడ ఆపేస్తే సుఖాంతమే. కానీ తరవాత జరిగిందీ చెప్పాలి. పెద్ద క్లబ్బులు వచ్చి గెలిచిన పిల్లల్ని తలా ఒకళ్ళని పట్టుకుపోయాయి. శిక్షకుణ్ణీ, అల్ అమ్నానీ ఈస్ట్ బెంగాల్ తీసుకుంది. జయేశ్ రాణే, ఆశుతోష్ కలకత్తాలోని ఐఎస్ఎల్ జట్టుకి వెళ్ళారు. ఒక్క వేసవిలో ఇల్లు ఖాళీ అయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. డబ్బున్న ఐఎస్ఎల్‌ని మెల్లమెల్లగా పై మెట్టు ఎక్కించి, 2022-23 కల్లా ఐ-లీగుని అధికారికంగా రెండో మెట్టుకి దింపేశారు. ఐజ్వాల్ తనంతట తను జారలేదు. నిలబడ్డ మెట్టునే కిందికి దించారు. కూడబెట్టి ముందు వరసలో చోటు సంపాదించుకుంటే, ముందు వరస ఇది కాదు, అదిగో అదీ అని కుర్చీలు మార్చేస్తే ఏం చెయ్యగలం? అందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఆటలో ఓటమి న్యాయం. లెక్కకి విలువ లేకుండా చెయ్యడం న్యాయం కాదు.

డబ్బున్న మెట్టు మీద మాత్రం అంతా స్థిరంగా ఉందా అంటే, మన హైదరాబాదునే చూడండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి తెచ్చిన రహీం సాహెబుది ఈ ఊరే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సి ఐఎస్ఎల్ గెలిచినప్పుడు మళ్ళీ ఆ రోజులొచ్చాయని సంబరపడ్డాం. మూడేళ్ళు తిరిగేసరికి, 2025లో, ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. కప్పు గెలిచిన జట్టే మనకి లేకుండా పోయింది. ఐజ్వాల్ జట్టుని పై మెట్టు నుంచి దించారు గానీ, ఆ ఊళ్ళోంచి ఎవరూ లేవదీసుకుపోలేదు. జట్టు ఊరిదైతే అదీ ధైర్యం.

ఖాలిద్ జమీల్ సంగతంటారా? 2025 ఆగస్టులో ఆయన్ని ఏకంగా భారత జట్టుకే శిక్షకుడిగా వేశారు. ఆ కబురు పేపర్లో చదివి మా వారికి చూపించాను. "నీకీయన ఎలా తెలుసు?" అన్నారు.

"ఎలా ఏమిటండీ, పాల లెక్క పక్కనే నాలుగు నెలలు చూశాను" అన్నాను.