ఆబ్కారీ మావయ్యగారితో బీరు

శాన్ డియేగోలో తెలుగువాళ్ళకు కరివేపాకు, గోంగూర దొరికే చోటు నుంచి బీరు కాచే షెడ్లకు కారులో పది నిమిషాలు కూడా పట్టదు. బ్లాక్ మౌంటెన్ రోడ్డు మీద ‘లిటిల్ ఇండియా’ అని అందరూ పిలిచే కొట్ల వరస ఉంది. అక్కడ వారానికి సరిపడా సరుకులు డిక్కీలో పడేసుకుని కాస్త కిందికి దిగితే మిరమార్. పైన మెరైన్ల విమానాలు చెవులు చిల్లులు పడేలా వెళ్తుంటాయి. కింద టైర్ల గోదాములు, గ్రానైటు కోసే షెడ్లు, వాటి సందుల్లో రేకు తలుపు పైకెత్తి పెట్టుకుని బ్రూవరీలు. బోర్డు చూడకపోతే అదీ మెకానిక్ షెడ్డే అనుకుంటాం. లోపల స్టీలు ట్యాంకులు, సిమెంటు నేల, నాలుగు బల్లలు. చాలాచోట్ల వంటగది ఉండదు. ఆకలేస్తే బయట ఆగిన టాకో బండే దిక్కు.

ఈ ఊరికి బీరు పిచ్చి ఒక్క రోజులో పట్టింది కాదు. ఇంట్లో బీరు కాచుకోవడం అమెరికాలో చాలాకాలం చట్టవిరుద్ధం. 1978లో జిమ్మీ కార్టర్ పెట్టిన సంతకంతో ఆ అడ్డు తొలగింది. కాచినచోటే పోసి అమ్ముకోవచ్చని కాలిఫోర్నియా 1982లో ఒప్పుకుంది. 1989లో డౌన్‌టౌన్‌లో కార్ల్ స్ట్రాస్ అనే బ్రూవరీ మొదలైంది. 1992లో సొలానా బీచ్‌లో పిజ్జా పోర్ట్ నడిపే తోబుట్టువులు తమ పిజ్జాల పక్కన సొంత బీరు పెట్టారు. అదే ఏడాది ఇంట్లో కాచుకునేవాళ్ళకు సరంజామా అమ్మే హోమ్ బ్రూ మార్ట్ అనే కొట్టు వేరేవాళ్ళు తెరిచారు. ఆ కొట్టు వెనకగదిలోంచి 1996లో బాలస్ట్ పాయింట్ బ్రూవరీ పుట్టింది. 2015లో దాన్ని వంద కోట్ల డాలర్లకు కొన్నారంటే మా ఆఫీసులో వారంపాటు అదే కబురు. చేతిలో ఉన్న కోడు వదిలేసి బీరు కాచుకుందామా అన్నవాళ్ళూ ఉన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి కొన్న కంపెనీయే దాన్ని ఇల్లినాయికి చెందిన ఓ చిన్న బ్రూవరీకి వదిలించుకుంది. ఆ తర్వాత కోడు వదిలేద్దామన్న మాట ఎవరి నోటా వినలేదు.

నాకు ఇక్కడ నచ్చింది తాగడం కన్నా రుచి చూడటం. ఓ చెక్కపలక మీద నాలుగు బుల్లి గ్లాసులు పెట్టిస్తారు, దాన్ని ఫ్లైట్ అంటారు. గ్లాసుకు 4 ఔన్సులు, అంటే 120 మిల్లీలీటర్లు కూడా ఉండదు. నాలుగూ కలిపితే ఒక పైంటు. కానీ ఆ పైంటు ముందు గంటసేపు కూర్చోవచ్చు. మిరమార్‌లోని వైట్ ల్యాబ్స్ వాళ్ళు 1995 నుంచీ బ్రూవరీలకు ఈస్టు పెంచి అమ్ముతున్నారు. వాళ్ళ టేస్టింగ్ రూములో ఒకటే బీరును రెండు వేర్వేరు ఈస్టులతో పులియబెట్టి పక్కపక్కన పోసిచ్చేవాళ్ళు. అదే మాల్టు, అదే హాప్స్, అవే నీళ్ళు. ఒక గ్లాసులో అరటిపండు, లవంగం వాసన. రెండోదాంట్లో ఏ వాసనా లేని శుభ్రమైన చేదు. పులియబెట్టే జీవికి ఇంత పెత్తనం ఉంటుందని నాకు అక్కడే అర్థమైంది.

ఈ ఊరి అసలు గొప్ప మాత్రం హాప్స్. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి మద్రాసు, కలకత్తాలకు నెలల తరబడి ఓడల్లో పంపే బీరు చెడిపోకుండా హాప్ పూలు దండిగా వేసేవారు. ఆ ఇండియా పేల్ ఏల్‌కు, అంటే ఐపీఏకు, ఇక్కడివాళ్ళు అమెరికా హాప్స్ దట్టించి కొత్త అవతారమెత్తించారు. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే రకంతో మొదలైంది ఈ వరస. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ నుంచి వస్తాయి ఎక్కువ భాగం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే దబ్బాకు నలిపినట్టు గుప్పుమంటుంది. ఆ వెనక నాలుక మీద పడే చేదు మొదటి గుక్కలో ఎవరికీ నచ్చదు. కాకరకాయ పులుసుతో అన్నం తిని పెరిగిన నాలుకకు మూడో గుక్కకల్లా అలవాటవుతుంది.

ఇదంతా నేను ధీమాగా చెప్పే కబుర్లు, మావయ్యగారు వచ్చేదాకా.

మా మావయ్యగారు ఒంగోలు వైపు ఎక్సైజ్ శాఖలో ఎస్సైగా చేరి రిటైరైనవారు. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ ఆయన ఆబ్కారీ మావయ్యే. జన్మలో చుక్క ముట్టలేదు, కానీ సీసా మూత తీసి వాసన చూసి డిగ్రీ చెప్పేవారని వాళ్ళింట్లో కథలుగా చెప్పుకుంటారు. అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని అల్లుడు బీరు తాగడమా? మన దగ్గర తండ్రి ముందు, మావగారి ముందు గ్లాసు పట్టుకోకూడదన్నది ఎవరూ రాయని శాసనం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఫ్రిజ్‌లో సీసాలను కూరగాయల అరలో ఆకుకూరల కింద దాచేవాణ్ణి. ఆకుకూరలు తీసేది ఆయన కూతురే కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. ఒక శనివారం సరుకులు కొనుక్కుని వస్తుంటే ఆవిడే, “నాన్నా, ఇక్కడ బీరు ఎలా కాస్తారో చూస్తావా?” అంది. వెనక సీట్లోంచి జవాబు వెంటనే వచ్చింది. “లైసెన్సు ఉన్నదేనా?”

లోపలికి వెళ్ళగానే ఆయన ట్యాంకుల వైపు నడిచారు. గాలి పీల్చి, “ఊట వాసన” అన్నారు. నాటుసారా బట్టీల మీద దాడులకు వెళ్ళినప్పుడు డ్రమ్ముల్లో పులుస్తున్న బెల్లం ఊట పారబోయించడం ఆయన ఉద్యోగంలో సగం. నల్లబెల్లం, నవసారం కలిపిన ఆ ఊటకూ ఈ బార్లీ నీళ్ళకూ వాసనలో ఒక చుట్టరికం ఉందట. పులవడం పులవడమే, ఇక్కడ దాన్ని బట్టీ ఎక్కించరు, అంతే తేడా. ట్యాంకు తోముతున్న కుర్రాణ్ణి ఆపి, “హైడ్రోమీటర్ ఉందా?” అని అడిగారు. గడ్డం కుర్రాడు సంతోషంగా తెచ్చి చూపించాడు. సాంద్రత పులవక ముందు 1.060, పులిశాక 1.012. మావయ్యగారు ఒక్క క్షణం పైకి చూసి, “ఆరు పైన, ఆరున్నర లోపు” అన్నారు. పలక మీద 6.3 శాతం ఆల్కహాలని రాసుంది. వాళ్ళిద్దరూ ఆ తర్వాత నన్ను పూర్తిగా మరిచిపోయారు. ఈయన సైక్స్ హైడ్రోమీటర్ గురించి, 25 అండర్ ప్రూఫ్ అంటే 42.8 శాతమని చెబుతుంటే ఆ కుర్రాడు ఫోనులో రాసుకున్నాడు. స్టాకు రిజిస్టరు ఏదని అడిగితే లాప్‌టాప్ చూపించాడు. అది మాత్రం ఈయనకు నచ్చలేదు. “కొట్టేసి మళ్ళీ రాసినా తెలియదు కదా ఇందులో.”

ఈలోపు మా ఆవిడ ఫ్లైటు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడకు పుల్ల బీర్లు ఇష్టం. అందులో గోసా అనే జర్మన్ రకం ఒకటి. ఉప్పు, ధనియాలు వేసి కాస్తారు. తండ్రి కళ్ళెదుటే గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. నేను గోడ మీది టోనీ గ్విన్ పోస్టరు శ్రద్ధగా చూశాను. 1994లో .394 సగటుతో ఆడిన ఈ ఊరి బేస్‌బాల్ వీరుడాయన; ఆ అంకె పేరు మీద ఏల్‌స్మిత్ అనే బ్రూవరీ ఒక బీరే కాస్తుంది. మావయ్యగారు కూతుర్ని ఏమీ అనలేదు. ఆ గ్లాసు అందుకుని వాసన చూసి, “ధనియాలా?” అన్నారు. మిగతా మూడూ అలాగే ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు జరిపారు. “తాగండి బాబూ, వేడెక్కితే గ్యాసు పోతుంది.” ఆ శనివారంతో మా ఇంట్లో ఆకుకూరల కింద దాపరికం ఆగిపోయింది.

మావయ్యగారితో వచ్చిన అత్తయ్యగారికి మాత్రం అక్కడ కూర్చోవడం ఇబ్బందిగానే ఉంది. పక్క బల్ల దగ్గర తోపుడుబండిలో చంటిపిల్ల, బల్ల కింద కుక్క, పజిలు పేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళ మధ్య అమ్మానాన్నల చేతుల్లో గ్లాసులు. “పిల్లల్ని తీసుకొచ్చి తాగుతారా?” అని గుసగుసగా అడిగారు. మావయ్యగారు అప్పుడు ఓ మాట చెప్పారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక ఆ నిప్పు వాళ్ళ జిల్లాకూ పాకింది. ప్రభుత్వమే ప్యాకెట్లలో సరఫరా చేసిన సారాను ఆడవాళ్ళు వీధిలో పోసి తగలబెడుతుంటే, దానికి కాపలా కాయడానికి తనను పంపారట. “డ్యూటీ సారాకే. కానీ ఆ ఆడవాళ్ళ వీపుల మీద వాతలు చూశాక ఎవరి పక్షమో నాకు తెలిసిపోయింది.” 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. ఖజానా గుల్లయి 1997లో మళ్ళీ తలుపులు తెరిచారు. “ఇక్కడివాళ్ళు తాగి ఇంటికెళ్ళి కొట్టరా?” అన్నది ఆయన ప్రశ్న. కొట్టేవాళ్ళూ ఉన్నారు. రక్తంలో 0.08 దాటి కారు నడిపి మనుషుల్ని చంపేవాళ్ళూ ఉన్నారు. ఎండ పడే గదిలో, కుక్కల మధ్య, చిన్న గ్లాసుల్లో తాగేవాళ్ళను చూపించి అమెరికా అంతా ఇంతేనని నేను ఆయనకు చెప్పలేకపోయాను. ఆ రోజు కారు తాళాలు మావిడ నాకివ్వలేదు, తనూ ఆ ఒక్క గుక్కతో ఆపేసింది. మా ఇంటి పద్ధతి అది.

అక్కడి నుంచి నార్త్ పార్క్‌లో 30వ వీధికి వెళ్ళాం. ఆ వీధిలో అడుగడుక్కీ బీరు కుళాయిలే, వాటి మధ్య మేం వెళ్ళే టాకో షాపు. కౌంటరు దగ్గర చెప్పి, నంబరు చీటీ తీసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. నిలువు కడ్డీకి గుచ్చిన పంది మాంసం తిరుగుతూ కాలుతుంది, కింద కత్తి పట్టుకుని చెక్కుతుంటాడు ఒకాయన. లెబనాన్ నుంచి వచ్చి మెక్సికోలోని ప్యూబ్లా ఊళ్ళో స్థిరపడినవాళ్ళ షవర్మా అది. మెక్సికోవాళ్ళు దానికి ఎండుమిర్చి ముద్ద పట్టించి తమది చేసుకున్నారు. సరిహద్దు అవతల టిహువానాలో అడొబాడా అంటారు. బోర్డు మీద నాలుక, తలకాయ, పేగులు అన్నీ ఉన్నాయి. బోటీ, తలకాయ కూర తినే మనకు ఆ జాబితా కొత్తగా ఉండదు, కాకపోతే అవి ఎద్దువి. అది తిననివాళ్ళు అడిగి తీసుకోవాలి. శాకాహారమని నమ్మి తీసుకునే చిక్కుడుగింజల ముద్దలోనూ చాలాచోట్ల పంది కొవ్వు ఉంటుంది.

శనివారం అత్తయ్యగారు నీచు ముట్టరు. ఆవిడకు నోపాలెస్ టాకో చెప్పాం. ముళ్ళు తీసి పెనం మీద కాల్చిన నాగజెముడు మట్టలు, ఉల్లి, కొత్తిమీర, పైన పిండుకోవడానికి నిమ్మబద్ద. విషయం తెలిసి ఆవిడ చేతిలోది కింద పెట్టేశారు. “చేల గట్ల మీద కంచెకు వేసేదాన్ని తినడమేంటి, మేకలే ముట్టవు!” మెక్సికోలో అది కూరగాయే. జెండా మీద కూడా గద్ద కింద ఉన్నది అదే. మన వైపు దాన్ని తినమని ఎవరూ తేలేదు. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఎర్రరంగునిచ్చే పురుగును పెంచడానికి నాగజెముడు తోటలు వేయించాడు. అమెరికా ఖండపు మొక్కకు మనం పురుగుల మేత, కంచె అని రెండు పనులు అప్పజెప్పి ఊరుకున్నాం. అత్తయ్యగారు ఈ చరిత్ర ఏమాత్రం పట్టించుకోకుండా, బెండకాయలా జిగురుంది అంటూనే రెండోది తిన్నారు. ఆవిడను ఆశ్చర్యపరిచింది రొట్టె. జొన్నరొట్టె మడిస్తే విరుగుతుంది, ఈ మొక్కజొన్న రొట్టె బట్టలా మడత పడుతుందేమని అడిగారు. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. పిండికి సాగే గుణం అందువల్లే వస్తుంది. “తమలపాకు సున్నమా?” అన్నారు. అదే.

మావయ్యగారికి చేప టాకో. మెక్సికోలోని బజా తీరం వంటకమిది. మిషన్ బే దగ్గర 1983లో రాల్ఫ్ రూబియో కొట్టు పెట్టాక ఈ ఊరంతా పాకింది. పిండిలో ముంచి వేయించిన చేప, సన్నగా తరిగిన క్యాబేజీ, తెల్లటి మీగడ సాస్. ఎర్ర సల్సా గిన్నె మొత్తం ఒంపుకుని తిన్నారు. నేను తాగుతున్నది ఐపీఏ కాదు, పల్చటి మెక్సికన్ లాగర్. కారం మీద హాప్స్ చేదు పడితే నోరు ఇంకా మండుతుందని ఈపాటికి తెలుసు. పిండిలో బీరు కలుపుతారని మావిడ నసుగుతూ చెప్పింది. “నూనెలో పడ్డాక స్పిరిట్ ఎగిరిపోతుందమ్మా” అని తీర్పు చెప్పి ఆయన ఇంకోటి తెమ్మన్నారు.

తిన్నాక బిల్లు అడిగి తీసుకున్నారు. అందులో బీరు 8 డాలర్లు. ఎక్సైజ్ డ్యూటీ ఎంతని అడిగితే ఫోనులో వెతికి చెప్పాను: కాలిఫోర్నియాకు గ్యాలనుకు 20 సెంట్లు, ఫెడరల్ ప్రభుత్వానికి చిన్న బ్రూవరీలైతే 31 గ్యాలన్ల పీపాకు మూడున్నర డాలర్లు. పేపరు న్యాప్‌కిన్ మీద లెక్క కట్టారు. గ్యాలనుకు ఎనిమిది పైంట్లు. రాష్ట్రానికి రెండున్నర సెంట్లు, కేంద్రానికి ఒకటిన్నర కూడా రాదు. మొత్తం నాలుగు సెంట్లు. ఏదో సున్నా వదిలేశానేమోనని మళ్ళీ కట్టారు. అమ్మకం పన్ను వేరే ఉందని చెప్పాను, వినిపించుకోలేదు. ముప్ఫై ఏళ్ళు మద్యం రాబడి మీద రాష్ట్రాన్ని నిలబెట్టామనుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

“నాలుగు సెంట్లా! మరి వీళ్ళ గవర్నమెంటు దేని మీద బతుకుతుంది?”

“మా జీతాల మీద నాన్నా” అంది వాళ్ళమ్మాయి, సల్సా గిన్నె ఖాళీ చేస్తూ.