బాణం వంగాలి

నెల రోజులుగా ప్రతి ఆదివారం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోతున్నా. మా పొలంలో ఎత్తైన గట్టుకు వరిగడ్డి మోపులు ఆనించి, పదిహేను మీటర్ల నుంచి విలువిద్య నేర్చుకుంటున్నా.

ఎంత గురిపెట్టినా బాణాలన్నీ ఎడమకే! చేతిదే తప్పనుకున్నా. కాదు, బాణాలు నా విల్లుకు సరిపోలేదు.

నారి వదలగానే బాణం చేపలా మెలికలు తిరుగుతూ వింటి పక్కనుంచి జారిపోతుందట. బాణం విల్లు బలానికి మించి బిర్రుగా ఉంటే చాలినంత వంగదు. నాలాంటి కుడిచేతి వాటం వాళ్లకు ఎడమకు కొడుతుంది. మరీ మెత్తనైతే కుడికి. ఈ బిర్రునే స్పైన్ అంటారు. కార్బన్ బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండుచోట్ల ఆనించి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలుస్తారు. 500 స్పైన్ అంటే అర అంగుళం వంగినట్టు. మొన బరువు పెంచితే బాణం మెత్తబడినట్టే నడుస్తుంది. నేను మొనలు మార్చాను, బాణాలు నడుమకు జరిగాయి. ఎంత సంతోషమో!

మొదలుపెట్టేవాళ్లు 20 పౌండ్ల లాగుడు బలమున్న విల్లు చాలనుకోండి. బాణం లేకుండా నారి లాగి వదలకండి, విల్లు పగలొచ్చు.

మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో అండర్-21 కాంపౌండ్ విల్లు విభాగంలో ప్రపంచ విజేత అయింది. మా ఊరి పిల్లలకు ఆ సంగతి చెప్పా. వచ్చే ఆదివారం ముగ్గురు వస్తామన్నారు.