నాగలి రాని వసంతం

న్యూయార్క్ నుంచి ఈశాన్యంగా సుమారు వంద కిలోమీటర్లు వెళితే కనెక్టికట్ రాష్ట్రంలో రెడింగ్ అనే చిన్న ఊరు. ప్రఖ్యాత రచయిత మార్క్ ట్వేన్ 1908 నుంచి చనిపోయేదాకా ఉన్నది ఇక్కడే. ఆ ఊళ్లోనే ఓ పక్క 'పావర్టీ హాలో'. మన భాషలో పేదకోన అనుకోవచ్చు. పేరుకు తగ్గట్టే అదంతా రాళ్లనేల. చలికాలంలో మట్టి గడ్డకట్టి, మళ్లీ కరిగేసరికి అడుగునున్న రాళ్లు పైకి తేలతాయి. ఎన్ని ఏరినా ఏటా కొత్త పంటే! ఆ రాళ్లనే పొలాల చుట్టూ గోడలుగా పేర్చుకున్నారు పాతకాలం రైతులు. సేద్యం మానేసి వాళ్లు వెళ్లిపోయినా, అడవి పెరిగిన చోట కూడా చెట్ల మధ్య ఆ గోడలు కనిపిస్తాయి.

1930లో రూత్ స్టౌట్ భర్తతో కలిసి న్యూయార్క్ వదిలి ఈ కోనకే వచ్చింది. అప్పటికి ఆమెకు 45 ఏళ్లు. డిటెక్టివ్ నవలలు రాసిన రెక్స్ స్టౌట్‌కు అక్క. పట్నంలో బతికిన మనిషికి పొలం పని కొత్త. పెద్ద తోట వేసింది. ఏటా వసంతం రాగానే దున్నేవాడి కోసం ఎదురుచూపులు. ఇవాళ వస్తానంటాడు, రాడు. ట్రాక్టర్ చెడిపోయిందంటాడు. అదను దాటిపోతుంటుంది. తీరా దున్నాక కలుపు, నీళ్లు, నడుంనొప్పి... అలా పద్నాలుగేళ్లు గడిచాయి.

1944 వసంతంలో ఓ రోజు ఆస్పరాగస్ మడి దగ్గర నిలబడిందామె. మన పిల్లితీగలకు చుట్టమే ఆ మొక్క. ఒకసారి నాటితే ఏటా అదే మొలుస్తుంది, దున్నే పనిలేదు. దీనికి అక్కర్లేని నాగలి మిగతా వాటికెందుకు? అంతే! నిరుడు పరిచిన ఆకులూ గడ్డీ పక్కకు జరిపి చూస్తే కింద మట్టి మెత్తగా, తడిగా ఉంది. అందులోనే గింజలు వేసేసింది. ఆ తర్వాత ఆ తోట మళ్లీ నాగలి ముఖం చూడలేదు.

ఆమె పద్ధతి చాలా సులువు. వానకు తడిసి పశువుల మేతకు పనికిరాని ఎండుగడ్డి చౌకగా దొరికేది. దాన్ని ఎనిమిది అంగుళాల మందాన, దాదాపు జానెడు, తోటంతా పరచడమే. యాభై అడుగుల పొడవూ వెడల్పూ ఉన్న స్థలానికి యాభై పౌన్ల గడ్డికట్టలు పాతిక కావాలని లెక్క చెప్పేది. రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు కూడా అందులోకే. వెలుతురు అందక కలుపు మొలవదు. ఎక్కడైనా తల ఎత్తితే దానిమీద మరో గుప్పెడు గడ్డి! అడుగున గడ్డి కుళ్లుతుంటే వానపాములు దాన్ని మట్టిలోకి లాక్కుపోతాయి. ఆమె బయటినుంచి తెచ్చి చల్లింది నత్రజని కోసం పత్తిగింజల పొడి మాత్రమే.

చిక్కులు లేవని కాదు. గడ్డి కింద నేల త్వరగా వేడెక్కదు. చలిదేశంలో అది ఇబ్బందే కాబట్టి, గింజలు వేసేచోట ముందే పక్కకు జరపాలి. నత్తలూ చేరతాయి. కలుపుమందులు కొట్టిన గడ్డి అయితే ఇంకా ప్రమాదం. కొన్ని మందుల అవశేషాలు గడ్డిలో నెలల తరబడి నిలిచి టొమాటో, చిక్కుడు మొక్కలను ముడుచుకుపోయేలా చేస్తాయి. మన దగ్గర ఇదే చేయాలంటే మరో తంటా... చెదలు! పైగా వరిగడ్డి పశువుల నోటి కూడు. పాడి ఉన్న ఇంట్లో మడిమీద పరుస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? ఎండాకులు, చెరకు ఆకు, కొబ్బరిమట్టల్లాంటివి చూసుకోవాల్సిందే.

1955లో రూత్ తన అనుభవాలను పుస్తకంగా తెచ్చింది. నడుంనొప్పి లేకుండా తోటపని ఎలా చేయాలో చెప్పడం దాని సారాంశం. అప్పటికి ఆమెకు డెబ్భై నిండాయి! పేదకోనకు వెతుక్కుంటూ వచ్చి చూసిపోయేవాళ్లు పెరిగారు. ఎరువు కుప్పలు పేర్చి, తిరగేసి తయారుచేయాలనే పెద్దల మాట ఆమెకు నచ్చేది కాదు. కుళ్లేదేదో మొక్క మొదట్లోనే కుళ్లనివ్వండి అనేది.

96 ఏళ్ల వయసులో, 1980లో ఆమె కన్నుమూసింది. అంతకు నాలుగేళ్ల ముందు ఆ తోట మీద ఓ డాక్యుమెంటరీ తీశారు. అందులో బక్కపలచని ముసలావిడ బంగాళాదుంపలను నేలమీద అలా విసిరేసి, చేతికందినంత గడ్డి తెచ్చి పైన కప్పేస్తుంది. గుంట తీయదు, మట్టి ఎగదోయదు. దుంపలు నాటడం అయిపోయింది.