ఘుమఘుమలన్నీ గదిపాలు

పంచదారకు యాలకుల వాసన పట్టించడానికి పెద్ద వంటకత్తె కానక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక లేకనే నేను పావుకిలో యాలకులు చేజేతులా పాడుచేశాను. ఇంట్లో ఈ పంచదార చేసుకోవాలనుకునేవాళ్ళు నాలా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

శ్రావణ మాసం. కాకినాడలో ముసురు పట్టి ఉంది. తమ్ముడి గృహప్రవేశానికి వచ్చే ఆడపడుచులందరికీ పసుపు కుంకుమలతో పాటు తలా ఒక సీసా యాలకుల పంచదార ఇవ్వాలని ముచ్చటపడ్డాను. కాయల మీద దుమ్ము కనిపించిందని నీళ్ళలో కడిగి, గుడ్డతో అద్ది, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టాను. పొద్దున్నే తొక్కతో సహా పంచదారలో కలిపి మిక్సీ వేశాను. మెత్తగా రావాలని ఆపకుండా తిప్పాను. మూత తీయగానే వీధి వరండా దాకా గుప్పుమంది. పని బ్రహ్మాండంగా కుదిరిందని సంబరపడి, వేడివేడి పొడిని అలాగే సీసాలకెత్తి మూతలు బిగించాను.

కొన్నాళ్ళకు హైదరాబాదు నుంచి చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, నువ్విచ్చిన పొడి ఎన్ని చెంచాలు వేసినా పాయసానికి వాసన రాలేదే! తీపి మాత్రం నోట పెట్టలేనంత ఎక్కువైపోయింది." నా దగ్గరున్న సీసా తీసి చూశాను. మూత లోపలి అంచున పంచదార పాకంలా అంటుకుని ఉంది. చెంచా గుచ్చితే దిగలేదు. పైపెంకు పగలగొడితే అడుగున బూడిద రంగు ముద్ద. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి తొక్క వాసన తప్ప మరేమీ లేదు.

పక్కింటి పిన్నిగారికి చూపించాను. ఆవిడ అంతా విని ఒక్కటే మాట అన్నారు. "వాసన వీధి దాకా వచ్చిందంటున్నావు. అదంతా సీసాలో ఉండాల్సింది కాదుటమ్మా?"

ఆ మాటలోనే మొత్తం కిటుకు ఉంది. యాలకుల పరిమళమంతా గింజల్లోని నూనెలో ఉంటుంది, తొక్కలో ఉండేది చాలా తక్కువ. ఆ నూనెలో ముఖ్యమైనవి రెండు. ముక్కుకు చల్లగా తగిలేది సినియోల్, నీలగిరి తైలంలో ఉండేదీ అదే. తియ్యటి పూల వాసననిచ్చేది టెర్పినైల్ ఎసిటేట్. రెండూ గాలికి ఎగిరిపోయే గుణమున్నవే. గింజ పగలనంతవరకూ అవి లోపల భద్రంగా ఉంటాయి. నలిగిన క్షణం నుంచి బయటికి పోతూనే ఉంటాయి, వేడి తగిలితే మరింత తొందరగా పోతాయి. ఆపకుండా తిరిగిన మిక్సీ ఆ వేడినిచ్చింది.

పంచదారలో కలిపితే వాసన దానంతటదే నిలిచిపోతుందనుకోవడం నేను చేసిన అసలు పొరపాటు. నూనె పంచదారలో కరగదు, పలుకుల పైన పలచగా అంటుకుంటుంది, అంతే. పైగా పలుకును పొడి చేసినకొద్దీ గాలి తగిలే మేర పెరిగి తేమను లాగేసుకుంటుంది. బజారులో దొరికే ఐసింగ్ షుగర్‌లో మొక్కజొన్న పిండి కలిపేది గడ్డ కట్టకుండా ఉండడానికే. నేనేమో కడిగిన కాయల తడినీ, ముసురు గాలినీ, వేడి పొడి నుంచి వచ్చే ఆవిరినీ ఒకే సీసాలో పెట్టి మూత వేశాను.

ఇప్పుడు నా పద్ధతి వేరు. యాలకులు అసలు కడగను. దుమ్ముంటే పొడిగుడ్డతో తుడుస్తాను. బాగా ఆరిన గాజు సీసాలో అరకిలో పంచదార పోసి, పదిహేను కాయల్ని నోరు విచ్చేలా మాత్రం నొక్కి అందులో పూడ్చిపెడతాను. వెలుతురు తగలని అరలో ఉంచి అప్పుడప్పుడూ కదుపుతుంటే, రెండు మూడు వారాలకు మెల్లగా వాసన పడుతుంది. యూరప్‌లో వెనిలా కాయను చీల్చి పంచదారలో దాచేదీ ఇలాగే. గింజలు తీసేసిన యాలకుల తొక్కల్ని టీపొడి డబ్బాలో వేసే అలవాటు మన ఇళ్ళలోనూ ఉంది.

పూర్ణాలకో, రవ్వలడ్లకో ఘాటుగా కావాలంటే మాత్రం అప్పటికప్పుడు దంచుతాను. గింజలు మాత్రమే తీసి, రెండు చెంచాల పంచదార పలుకులు వేసి చిన్న రోట్లో నూరితే చాలు. ఒట్టి గింజలు రోటికి అంటుకుని మెదగవు. పంచదార పలుకుల పదును వాటిని మెత్తగా నలగ్గొడుతుంది, వచ్చిన నూనెను అక్కడికక్కడే పట్టుకుంటుంది. కుంకుమపువ్వుకూ ఇదే ఉపాయం. మిక్సీ తప్పదనుకుంటే ఆపి ఆపి తిప్పాలి, పొడి చల్లారేదాకా జార్ మూత తీయకూడదు.

యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క ఒకే సీసాలో వేయడం నేను చేసిన ఇంకో తప్పు. లవంగం మిగతా రెండిటినీ మింగేసింది. ఆ పంచదారతో చేసిన సేమ్యా పాయసం పంటినొప్పికి రాసుకునే మందులా ఉందని పిల్లలు గిన్నెలు పక్కన పెట్టేశారు. అందుకే దేని సీసా దానికే ఉంచాను. దాల్చినచెక్కను ముక్కలుగానే వేస్తాను. పచ్చకర్పూరాన్ని ఆ అర దరిదాపులకే రానివ్వను.

వాడేటప్పుడూ జాగ్రత్త కావాలి. మరుగుతున్న పాలలో ముందుగా వేస్తే పడ్డ శ్రమంతా ఆవిరైపోతుంది. పొయ్యి కట్టేశాక, దించబోయే ముందు కలపాలి. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి పోస్తే ఆవిరి లోపలికి పోయి మళ్ళీ గడ్డ కడుతుంది. కావలసినంత ముందే చిన్న గిన్నెలోకి తీసుకోవాలి.

ఎక్కువ చేసి నిలవ పెట్టుకోవడం పొదుపు అనుకునేదాన్ని. సుగంధ ద్రవ్యాల విషయంలో అది దండగే. ఏడాదికి సరిపడా కొనాలనుకుంటే కాయలుగానే కొని, కాయలుగానే దాచండి. పంచదార మాత్రం నెలకు సరిపడేంతే చేసుకోండి. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే పొడి ఇవ్వకండి. కాయలు పూడ్చిన పంచదార సీసా ఇచ్చి, ఎప్పుడు తెరవాలో చెప్పి పంపండి.